ఖాళీలు తీసేసిన పాఠాలు

కత్తెర టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ బడిలో చేరిన వారంలోపే ఎవరికైనా తెలిసిపోయేది. డస్టరు కనబడకపోతే కోపం. కుర్చీలు వంకరగా ఉంటే కోపం. ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఏమీ అనేది కాదు గానీ, వాళ్ళని చూసి ఎవరైనా కిసుక్కుమంటే మాత్రం ఇంతెత్తున లేచేది. "పొద్దున్నుంచి నిలబడి పనిచేసి వచ్చాడు. నువ్వైతే ఈపాటికి పడుకునేవాడివి. నోరు మూసుకుని పుస్తకం తియ్!"

బడి అంటే చెప్పుల దుకాణం మీద రెండు గదులు. ఎక్కడెక్కడి నుంచో పని కోసం ఆ ఊరికి వచ్చిన పెద్దవాళ్ళకి అక్కడ సాయంత్రాలు ఊరి భాష నేర్పేవారు. గోడలకి సున్నం వేసేవాళ్ళు, బస్సులు కడిగేవాళ్ళు, ముసలివాళ్ళకి సేవ చేసేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు వచ్చేవారు. ఊరంతా ఇలాంటి బళ్ళు ఇరవై దాకా ఉన్నాయి. వాటన్నిటి మీదా ఒక కేంద్ర కార్యాలయం ఉంది. పుస్తకాలూ, సీడీలూ, హాజరు పట్టీలూ అక్కడి నుంచే వచ్చేవి.

అసలు గొడవంతా ఆ సీడీతోనే మొదలైంది. అందులో మనుషులు తుమ్మరు, దగ్గరు, ఒకరి మాటకి ఒకరు అడ్డురారు. "నమస్కారం. గ్రంథాలయం ఎక్కడ ఉన్నది?" "నమస్కారం. గ్రంథాలయం తపాలా కార్యాలయం ప్రక్కన ఉన్నది." క్లాసులో ఒక్కడికీ గ్రంథాలయంతో పనిలేదు. వాళ్ళకి పనల్లా ఆసుపత్రి కౌంటరుతో, ఇంటి ఓనరుతో, మేస్త్రీతో. వాళ్ళెవరూ సీడీలోలా మాట్లాడరు.

ఒకరోజు సున్నం పనివాడొకడు నుదుటికి కట్టు కట్టుకుని వచ్చాడు. మేస్త్రీ కింద నుంచి "వదిలెయ్, రేపు చూద్దాం" అన్నాడట. ఇతనికి "వదిలెయ్" ఒక్కటే అర్థమైంది. పట్టుకున్న తాడు వదిలేశాడు. డబ్బా కిందపడి మేస్త్రీ కాలి దగ్గర పగిలింది, తాడు కొస విసురుగా వచ్చి ఇతని నుదుటికి తగిలింది. పనీ పోయింది. క్లాసులో అందరూ పడీపడీ నవ్వారు, అతను కూడా నవ్వాడు. టీచరు మాత్రం నవ్వలేదు. ఆ సీడీని తీసి రెండు ముక్కలుగా విరిచి చెత్తబుట్టలో పడేసింది. హెడ్ సారు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి, "అది ఆఫీసు ఆస్తమ్మా!" అని లబోదిబోమన్నాడు.

"దాని వల్ల ఒకడి తల పగిలింది సార్. ఆఫీసు ఆస్తి అయితే ఆఫీసు తలకి కట్టు కట్టమనండి."

మర్నాటి నుంచి పాఠాలు తనే తయారుచేయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఆడపడుచు ఉంది, భర్తకి అక్క. ఇరవై తొమ్మిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు కంచు మోగినట్టుంటుంది. వంటింట్లో ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోను ముందు పెట్టి, ఆసుపత్రి కౌంటరు గుమాస్తాలా మాట్లాడమంది.

"టోకెన్ తీసుకున్నారా? తీసుకోకుండా ఎందుకు నిలబడ్డారు? పక్కకి జరగండి!"

"ఇంకొంచెం విసుగ్గా వదినా."

"విసుక్కోవడం నాకు నువ్వు నేర్పాలటే? కాసేపు నీ మొహం చూస్తే చాలు, అదే వస్తుంది."

రికార్డు చేయడం తేలికే. దాన్ని పాఠంగా మార్చడమే తెలియలేదు. కుక్కరు కూతలు, వీధిలో హారన్లు, మధ్యలో వదిన నవ్వులు అన్నీ అందులో పడ్డాయి. ఇంటర్నెట్లో వెతికితే ఉచితంగా ఆడియో కత్తిరించే సైటొకటి దొరికింది. ఫైలు అందులో పడేస్తే గొంతు కొండలూ లోయల్లా గీతలై కనబడుతుంది. అక్కర్లేని చోట రెండు గీతలు జరిపి కత్తెర బొమ్మ నొక్కితే ఆ ముక్క పోతుంది. చప్పుడు తగ్గించడానికో మీట, వేగం తగ్గించడానికో మీట. కింద అక్షరాలు కూడా వేసుకోవచ్చు. చుట్టూ ప్రకటనలు మిణుకు మిణుకుమంటూ కళ్ళు పొడిచేవి. 'మీకంటే ముందు పద్నాలుగు మంది ఉన్నారు, వేచి ఉండండి' అని సైటు చెప్పేది, ఆమె వేచి ఉండేది. పూర్తయ్యాక ఒక లింకు ఇచ్చేది. దాన్ని క్లాసువాళ్ళ ఫోన్లకి పంపితే బస్సులో వింటూ వచ్చేవారు. కత్తెర టీచరన్న పేరు పెట్టింది బస్సులు కడిగే ఆయన. పేరు విని మొదట కస్సుమంది గానీ, తర్వాత అలవాటైపోయింది.

అన్ని పాఠాలకీ మొదట ఆమె గొంతు వినబడేది. "నేను మీ టీచర్ని. తొందరేం లేదు. విని, చెప్పండి." ఆ తర్వాత ప్రశ్న వస్తుంది. ప్రశ్న తర్వాత ఖాళీ. ఖాళీలో ఏమీ వినబడదు. వేలితో బల్ల మీద ఒకటి, రెండు, మూడు అని కొట్టుకుని, సరిగ్గా అంత ఖాళీ వదిలేది. కష్టమైన ప్రశ్న అయితే ఐదు.

"ఇదేంటే, మధ్యలో నోరు పడిపోయినట్టుంది?" అంది వదిన మొదటిసారి విని.

"అది వాళ్ళ వంతు వదినా. వాళ్ళు జవాబు చెప్పే చోటు."

నాలుగేళ్ళలో రెండొందల పన్నెండు పాఠాలయ్యాయి.

లాండ్రీ ఆవిడ మూడో ఏడు చేరింది. పెద్ద హోటలొకదాని నేలమాళిగలో దుప్పట్లు ఉతికే యంత్రాల దగ్గర ఆవిడ పని. నలభై దాటని మనిషి. మాట్లాడితే చేతిని నోటికి అడ్డం పెట్టుకునేది. తప్పు మాట బయటికొస్తే అక్కడే పట్టేసుకుందామని కాబోలు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆగింది.

"టీచర్, నాకు డాక్టరుతో మాట్లాడాలి. దగ్గు. మూడు వారాలు. ఎలా చెప్పాలి?"

"మీ ఆయన్ని తోడు తీసుకెళ్ళొచ్చుగా, ఆయనకి భాష బాగా వచ్చు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో తెలియదు. భయపడతారు."

ఇద్దరూ కూర్చున్నారు. టీచరు డాక్టరైంది. ఎన్ని రోజుల నుంచి, ఎప్పుడు ఎక్కువ, కఫంలో ఏమైనా పడుతోందా అని అడిగింది. ఆవిడ తడుముకుంటూ, ఆగుతూ, చివరికి చెప్పింది. రెండుసార్లు రక్తం పడిందనీ, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయనీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదనీ. మళ్ళీ మళ్ళీ వింటుందని టీచరు అదంతా ఫోనులో రికార్డు చేసింది. ఇంటికెళ్ళి ఎప్పటిలాగే సైటులో పడేసి, ఫ్యాను చప్పుడు తీసేసి, లింకు పంపింది.

ఆవిడ నాలుగు రోజులు బస్సులో అదే వింది. ఐదో రోజు ఒంటరిగా ఆసుపత్రికెళ్ళింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము, మందులతో తగ్గిపోయేదే అన్నారు. ఆ సాయంత్రం క్లాసుకొచ్చి టీచరు చెయ్యి పట్టుకుని, "నేనే మాట్లాడాను టీచర్. అన్నీ నేనే" అంది. ఆ రోజు అడ్డం పెట్టుకునే చెయ్యి నోటి దగ్గర లేదు. టీచరు ఇంటికెళ్ళి వదినతో ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. అయిదోసారి వదినే ఆపింది.

ఇది జరిగిన ఆరు నెలలకి కేంద్ర కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. 'భాషా ఉపాధ్యాయులకు ఉచిత ఆన్‌లైన్ ఎడిటింగ్ సాధనాలు: ఒకరోజు శిక్షణ. హాజరు తప్పనిసరి.' ఆమె సంతోషంగానే వెళ్ళింది. ఫ్యాను చప్పుడు తీసేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటోంది, అది ఎలా సరిచేయాలో అడుగుదామని ఒక చీటీ మీద రాసుకుంది కూడా.

హాలు నిండా టీచర్లు, అరవై మంది దాకా ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, ముందు తెర, పక్కన నల్లటి స్పీకరు. శిక్షణ ఇచ్చేవాడు సన్నగా, చురుగ్గా ఉన్నాడు. కాలరుకి చిన్న మైకు తగిలించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మనం కొత్తగా 'పాఠనిధి' మొదలుపెట్టాం. మూడు వారాలైంది. ఇప్పటికే చాలా బళ్ళలో వాడుతున్నారు. ఒక నమూనా వినండి" అని మీట నొక్కాడు.

ముందు గలగలమని సంగీతం వచ్చింది. తర్వాత ఎవరో మగగొంతు, "పాఠనిధి సమర్పిస్తోంది" అంది. ఆ వెంటనే వదిన గొంతు.

"టోకెన్ తీసుకున్నారా తీసుకోకుండా ఎందుకు నిలబడ్డారు పక్కకి జరగండి మీ సమస్యేంటి ఎన్ని రోజుల నుంచి..."

హాలు ఘొల్లున నవ్వింది. మొదటి క్షణం ఆమెకి సంతోషమే వేసింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని వదిన చెప్పిన మాటలు ఇంత పెద్ద హాల్లో మోగుతున్నాయి మరి. రెండో క్షణంలో, "నేను మీ టీచర్ని, తొందరేం లేదు" అన్న మాట లేదని తోచింది. మూడో క్షణంలో తెలిసింది. ఖాళీలు లేవు. ఒక్కటీ లేదు. వదిన రైలుబండిలా ఆగకుండా పోతోంది.

"దీని అసలు నిడివి నాలుగు నిమిషాలు" అంటున్నాడు శిక్షకుడు. "సగం టైము ఏమీ వినబడదు. మనిషి కూర్చుని ఇవన్నీ తీయాలంటే ఒక రోజు పడుతుంది. ఇదిగో, ఈ టూల్లో ఈ బటన్ నొక్కండి. ఖాళీలన్నీ మాయం! రెండు నిమిషాల పది సెకన్లు!"

చప్పట్లు మోగాయి. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"అది నా పాఠం."

"చాలా సంతోషం మేడమ్! అందరూ ఒకసారి మేడమ్‌గారికి..."

"చప్పట్లు తర్వాత కొట్టిద్దురుగాని. ఖాళీలెందుకు తీశారు?"

"అదే చెప్తున్నా మేడమ్. వేస్టు కదా..."

"వేస్టా? అది నేర్చుకునేవాడు నోరు తెరిచే చోటు! పాఠమంటే అదే. మిగతాదంతా దానికోసమే. మీరు వాడి నోరు నొక్కేసి, టైము మిగిలిందని లెక్క చెప్తున్నారు!"

ఎవరో వెనక నవ్వారు. హెడ్ సారు రెండు వరసల వెనక నుంచి గట్టిగా దగ్గాడు, కూర్చోమని. ఆమె కూర్చోలేదు.

"నా పాఠాలు మీకెవరిచ్చారు? నన్నెవరడిగారు?"

శిక్షకుడి మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. "మీరే ఫ్రీ సైట్లో అందరికీ కనబడేలా పెట్టారు కదా మేడమ్. అందరికీ కనబడేది అందరిదీ. మనమంతా ఒకే కుటుంబం. తర్వాతి నమూనా చూద్దాం" అంటూనే మీట నొక్కేశాడు. తెర మీద 'సహజ సంభాషణ – 7' అని పడింది.

"...మూడు వారాలు దగ్గు. రెండుసార్లు రక్తం పడింది. ఇంట్లో చెప్పలేదు..."

ఆమె ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. మోకాళ్ళకి కుర్చీలు తగులుతున్నా ముందుకి నడిచింది. స్పీకరు వెనక్కి చెయ్యి పోనిచ్చి తీగ లాగేసింది. ఠప్పుమంది.

"ఇది పాఠం కాదు" అంది. "ఇది ఒక మనిషి జబ్బు. సిగ్గులేదా మీకు?"

"మేడమ్, అది మీరు పెట్టిందే..." అన్నాడతను, ఈసారి నవ్వకుండా.

ఆ మాట ములుకులా దిగబడింది. ఇంటికెళ్ళగానే బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. వదిన కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుంది. ఖాతా, అమరికలు, నియమాలు అన్నీ వెతికితే, అడుగున బూడిదరంగు చిన్నక్షరాల్లో దొరికింది. ఉచిత ఖాతాలో దాచిన ఫైళ్ళు అందరికీ కనిపిస్తాయి. మీవి మీకే ఉండాలంటే చందా కట్టండి. దాని పక్కన చిన్న గడిలో టిక్కు. నాలుగేళ్ళ కిందట ఖాతా తెరిచిన రోజే పడిన టిక్కు. చదవకుండా 'సరే' నొక్కింది తనే.

"మేం ఎక్స్ఛేంజీలో ఎన్నో వినేవాళ్ళం" అంది వదిన నెమ్మదిగా. "పెళ్ళిళ్ళు, చావులు, అప్పులవాళ్ళ కేకలు. ఒక్క ముక్క బయటికి పొక్కితే ఉద్యోగం ఊడేది."

"తిట్టదలచుకుంటే సూటిగా తిట్టు వదినా."

"తిట్టట్లేదే. నా గొంతు పోతే పోనీ, నాకేం. ఆవిడ సంగతే..."

టీచరు లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. సైటులో ఉన్న పాఠాలు ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. ప్రతిసారీ అది 'నిజంగా తీసేయాలా?' అని అడిగింది. రెండొందల పన్నెండుసార్లు అవునంది. చేస్తున్నది అప్పటికే దొంగలు దోచేసిన ఇంటికి తాళం వేయడమని తెలుసు. అయినా వేసింది.

తర్వాతి క్లాసుకి లాండ్రీ ఆవిడ రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు. మూడోసారి మెట్ల మీద నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

ఆవిడతో పనిచేసే ఒకామె ఊరికి అవతల వైపున్న బడిలో చదువుతోంది. అక్కడ క్లాసులో ఈ రికార్డింగు వినిపించారట. గొంతు గుర్తుపట్టి, ఫోనులోకి ఎక్కించుకుని, హోటల్లో అందరికీ వినిపించింది. సూపర్‌వైజరు పిలిచి, డాక్టరు కాగితం తెచ్చేదాకా దుప్పట్లు ముట్టుకోవద్దన్నాడు.

"కానీ తగ్గిపోయింది కదా! ఆరు నెలలైంది కదా!" అంది టీచరు.

"తగ్గిందని ఎవరికి తెలుసు టీచర్? రక్తం పడిందని మాత్రం అందరికీ తెలుసు." ఆవిడ చెయ్యి మళ్ళీ నోటి దగ్గరికి వెళ్ళింది. "మా ఆయన ఫోన్లో వినిపించి, 'ఇది నువ్వేనా?' అని అడిగాడు. రోగం దాచినందుకు కాదు ఆయన కోపం. నాకు చెప్పలేదు, ఊరికి చెప్పావు అన్నాడు. నేను ఊరికి చెప్పానా టీచర్? మీకు చెప్పాను."

శిక్షకుడి పేరు చెప్పి చేతులు దులుపుకోవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. వెనక్కి మింగింది. "టిక్కు నేనే పెట్టాను. చదవలేదు. తప్పు నాది."

"తప్పు ఎవరిదైతేనేం? దగ్గింది నేను." ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "అది తీయించండి. నాకు పని కావాలి."

మర్నాడే ఇద్దరూ కేంద్ర కార్యాలయానికి వెళ్ళారు. హెడ్ సారు ముందురోజే ఫోను చేసి, "మీకెందుకమ్మా గొడవ, ఉద్యోగం చేసుకునేవాళ్ళం" అని నీళ్ళు నమిలాడు. "గొడవ నేను పెట్టుకోలేదు సార్, అదే నా వంటింట్లోకొచ్చి నా పాఠాలు పట్టుకెళ్ళింది" అని టీచరు ఫోను పెట్టేసింది. శిక్షకుడి మీద ఒక అధికారిణి ఉంది. గంటన్నర కూర్చోబెట్టాక పిలిచింది. తెల్లటి బల్ల, చల్లటి గది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. మాట్లాడుతూనే ఒక కాగితం ముందుకు తోసింది.

"ఇక్కడొక సంతకం పెట్టండమ్మా. వెంటనే తీసేస్తాం."

టీచరు ఆ కాగితం అందుకుని పైకి చదివింది. ఒక్కో వాక్యం చదివి ఆగింది. లాండ్రీ ఆవిడ మొహం చూసింది. అర్థమైందని తల ఊపాకే తర్వాతి వాక్యానికి వెళ్ళింది. అధికారిణి గడియారం చూసుకుంది, పెన్ను తిప్పింది. టీచరు తొందరపడలేదు. నాలుగో పేరాలో అసలు సంగతి బయటపడింది. ఈ రికార్డింగు మొదటి నుంచీ తన సమ్మతితోనే వాడారనీ, ఇకముందు తన గొంతు ఎక్కడ వాడినా అభ్యంతరం లేదనీ రాసి ఉంది.

టీచరుకి ఒళ్ళు మండిపోయింది. కాగితం నలిపేయబోతూ నోరు తెరిచింది. లాండ్రీ ఆవిడ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"మేడమ్" అంది అధికారిణితో. ఆగింది. మాట వెతుక్కుంది. ఎవరూ అందించలేదు. "ఇది అబద్ధం. నన్నెవరూ అడగలేదు. నేను సంతకం పెట్టను." మళ్ళీ ఆగింది. "ఇప్పుడు తీయండి. నా ముందు తీయండి. నేను చూస్తాను. తర్వాత హోటలుకి ఉత్తరం రాయండి. ఇది పాఠం కోసం చేసింది అని రాయండి. ఉత్తరం ఇచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను."

ఆవిడ నిజంగానే కుర్చీలో వెనక్కి జారి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అధికారిణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. శిక్షకుణ్ణి పిలిపించింది. అతను వాళ్ళ ముందే దాన్ని తీసేశాడు, ఒక్క మాట మాట్లాడకుండా. ఉత్తరానికి మధ్యాహ్నం దాటింది. మొదటి ఉత్తరంలో 'పొరపాటున' అని రాశారు. టీచరు ఆ మాట కొట్టేసి 'అనుమతి లేకుండా' అని రాసి వెనక్కి పంపింది. రెండోసారి అలాగే టైపు చేసి ఇచ్చారు.

ఇక మిగతా పాఠాల సంగతి. ఖాళీలు పెట్టండి, లేదా మొత్తం తీసేయండి అంది టీచరు. "వందల మంది వింటున్నారు, ఇప్పుడు తీస్తే ఎలా? పైగా మీరు మా ఉద్యోగి కదా" అంది అధికారిణి. ఆమె అరిచింది, వాదించింది, బల్ల గుద్దింది. బల్ల కదలలేదు.

ఆ పని వదిన తీసుకుంది. నూట నలభై పాఠాల్లో ఆవిడ గొంతే ఉంది, ఆవిడ ఎవరి ఉద్యోగీ కాదు. రోజూ ఆఫీసు తెరవగానే ఫోను చేసేది. కేకలు లేవు, తిట్లు లేవు. ఎక్స్ఛేంజీ రోజుల గొంతుతో, "నా గొంతు ఇంకా మీ దగ్గరే ఉందండీ. ఎప్పుడు పంపిస్తున్నారు?" అనేది. ఒకరు ఫోను ఇంకొకరికిస్తే వాళ్ళకీ అదే మాట, వాళ్ళు పెట్టేస్తే మళ్ళీ మొదటివాళ్ళకి. తొమ్మిదో రోజు ఎత్తిన గుమాస్తా, "అమ్మా, మీ గొంతు కలలోకి వస్తోంది, మీకో దణ్ణం" అన్నాడట. పదో రోజుకి ఆ నూట నలభై పాఠాలూ పోయాయి.

టీచరు గొంతుతో ఉన్న డెబ్భై ఒకటి మాత్రం అలాగే ఉన్నాయి. ముందు గలగల సంగీతం, వెనక ఊపిరి తీసుకోని ప్రశ్నలు. ఆమె పేరు ఎక్కడా లేదు. క్లాసులో అవే వినిపించాలని ఉత్తర్వు కూడా వచ్చింది. హెడ్ సారు అది గోడకి అంటించాడు. ఆమె చింపలేదు. పాఠం పెట్టి, ప్రతి ప్రశ్న దగ్గరా వేలితో మీట నొక్కి ఆపుతుంది. క్లాసు జవాబు చెప్పాక మళ్ళీ నొక్కుతుంది. అలా నొక్కిన ప్రతిసారీ పళ్ళు కొరుకుతుంది.

కొత్త పాఠాలు ఇంటర్నెట్టుతో పనిలేని ప్రోగ్రామొకటి లాప్‌టాప్‌లో ఎక్కించుకుని చేస్తోంది. అదీ ఉచితమే. ఈసారి మొదటి నుంచి చివరిదాకా నియమాలు చదివింది, రెండుసార్లు. గొంతు ఇచ్చేవాళ్ళని వాళ్ళ భాషలోనే కాగితం రాసిచ్చి అడుగుతుంది. సగం మంది వద్దంటారు. మొదట్లో ఆ మాటకీ కోపం వచ్చేది, తన మీద నమ్మకం లేదని. నమ్మకం ఎందుకుండాలో తనకే జవాబు దొరక్క ఆ కోపం మానుకుంది.

లాండ్రీ ఆవిడకి పదకొండు రోజుల తర్వాత పని దొరికింది, అదే హోటల్లో, వేరే విభాగంలో. క్లాసుకి మాత్రం మళ్ళీ రాలేదు. పేరు హాజరు పట్టీలో మూడు నెలలు ఉంచి, తర్వాత హెడ్ సారు కొట్టేశాడు.

వానాకాలంలో ఒకరోజు బస్సు స్టాపులో కనబడింది. గొడుగు ముడిచి పట్టుకుని కండక్టరుతో గొడవ పడుతోంది. పాస్ చెల్లదన్నాడు కాబోలు. చెయ్యి నోటికి అడ్డం లేదు. గట్టిగా, తడబడకుండా మాట్లాడుతోంది. కండక్టరే తగ్గాడు. అది అయ్యాక టీచరుని చూసింది.

"బాగున్నారా?" అంది టీచరు.

"బాగున్నాను. మీ వదినగారు బాగున్నారా?"

"ఉంది. క్లాసుకి రావచ్చు కదా. పై తరగతి మొదలవుతోంది."

"రాను టీచర్" అంది ఆవిడ. "మీరు నాకు చాలా చేశారు. అది మర్చిపోను. కానీ మీ మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోయేదాకా రాను."

బస్సు కదలబోతుంటే ఎక్కేసింది. టీచరు ఎక్కాల్సింది వేరే బస్సు. వానలో నిలబడి, ఆ వాక్యాల్లో ఒక్క తప్పూ లేదని తనకి తెలియకుండానే చూసుకుంది. అలా చూసుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.